సముద్రతీరాన గుడారము వేసుకొనేముందు

మా అడిక్‌మెట్ పిల్లలకు నీళ్లంటే హుస్సేన్ సాగర్, చేపలంటే రాంనగర్ చేపల మార్కెట్టు. ఫ్లైఓవరు మీద నిలబడి చూస్తే ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లు, క్రింద జామియా ఉస్మానియా స్టేషను వైపు పోయే రైళ్లు కనబడతాయి గాని, ఏ దిక్కునైనా సముద్రమున్నదన్న జాడ ఉండదు. దగ్గరి తీరమునకు పోవాలన్నా మూడు వందల కిలోమీటర్లు దాటాలి. మా సంఘములో ఆటో నడిపేవారు, ప్రెస్సులలో పనిచేసేవారు, ఆసుపత్రులలో నర్సులుగా ఉన్నవారు ఎక్కువ. వారి పిల్లలలో పద్దెనిమిదేళ్లు నిండినా సముద్రమును కంటితో చూడనివారు సగానికి పైగా ఉన్నారు. అందుచేత యౌవనస్థుల శిబిరము ఈసారి సముద్రపు ఒడ్డున గుడారములలో జరుపుకుందామని కమిటీవారు తీర్మానించినప్పుడు మాకు సంతోషమే కలిగినది. మరునాడు పేర్లు వ్రాసుకుంటే నలభై ఇద్దరు తేలారు. ఒక తల్లి తన కుమారుని పేరు ఇస్తూ, "అయ్యగారూ, వీడికి ఈత రాదు, మాకు వీడొక్కడే" అని చెప్పి వెళ్లిపోయినది. ఆమె ఆ మాట చెప్పిన తర్వాత చోటు వెదకడమన్నది మాకు సరదా పనిగా కనబడలేదు.

పల్లెలలోను పట్టణాలలోను ఇటువంటి శిబిరములు పెట్టుకొనే సంఘములు చాలా ఉన్నాయి గనుక మేము చోటు ఎట్లు వెదకినదీ కొంచెము వివరముగా వ్రాస్తున్నాము.

సముద్రతీరము అనగానే కుర్రవాళ్లందరికి ఒకే బొమ్మ కళ్లలో ఉంటుంది. గుడారపు తెర తొలగించగానే ఎదుట తెల్లని ఇసుక, కాళ్లకు తగిలే కెరటాలు. సినిమాలో అది బాగానే ఉంటుంది. మన తూర్పు తీరము సంగతి ఎరిగినవారు మాత్రము అట్లు కోరరు. బందరులో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన తరమువారికి తెలిసినదే. అప్పుడు చనిపోయినవారు పదివేలమంది అని ఒక లెక్క, అంతకు ఎక్కువే అని చెప్పేవారూ ఉన్నారు. 2004 డిసెంబరు 26 క్రిస్మస్ మరునాడు, ఆదివారము, పున్నమి. ఆ ఉదయము సునామీ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రపు తీరములో వందమందికి పైగా ప్రాణాలు తీసికొన్నది. వారిలో మంగినపూడి తీరమున పున్నమి స్నానాలకు వచ్చినవారు కూడా ఉన్నారు. తుఫానుకు ముందుగా గాలి, మబ్బు ఉంటాయి. ఆ ఉదయము ఆకాశములో ఏ గుర్తూ లేదు.

ఇవన్నీ చెప్పి పిల్లలను భయపెట్టాలని కాదు. ఆ ఒడ్డున తరతరాలుగా కాపురముండేవారు ఏమి చూచుకొని ఇల్లు కట్టుకుంటారో, మూడు రోజులు గుడారము వేసుకొనే మనము కూడా అదే చూచుకోవాలని మాత్రమే.

ముందుగా విశాఖపట్నము పేరు వచ్చినది. చూడటానికి ఋషికొండ, భీమునిపట్నములకు సాటి లేదు. కాని మాకు అది ఆరువందల కిలోమీటర్లు దాటిన ప్రయాణము, రెండు రాత్రులు రైలులోనే గడిచిపోతాయి. పైగా అక్కడ ఒడ్డు దిగిన కొద్ది అడుగులకే లోతు వస్తుంది, లోపలికి లాగే నీటిపోకలు ఎక్కువ. ఈత రాని పిల్లలతో వెళ్లే చోటు కాదని ప్రక్కన పెట్టాము.

బందరు మీద మాకు ప్రేమ ఉన్నది. నోబుల్ దొరగారు 1843లో పాఠశాల పెట్టిన ఊరు. పిల్లలకు చూపించవలసినవి చాలా ఉన్నాయి. అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరములోని మంగినపూడిలో సముద్రము లోతు తక్కువ, కెరటాలు నెమ్మది. కాని అడుగున నల్లని బంకమట్టి, ఒడ్డు చాలా పల్లము. పగలు చూచి రావడానికి మంచిది. రాత్రి పడుకోవడానికి మా మనస్సు ఒప్పలేదు.

రామాయపట్నము పేరు ఎత్తినవారు కూడా ఉన్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1870లలో అక్కడ సముద్రపు ఒడ్డున సెమినరీ పెట్టి, చాలా కాలము సేవకులను తయారుచేశారు. తరువాత ఆ పని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో కలిసిపోయినది. ఆ కళాశాల 1964లో రాజమండ్రిలో ప్రారంభమై, తర్వాత హైదరాబాదు గాంధీనగరుకు, అంటే మాకు కూతవేటు దూరమునకు వచ్చినది. సముద్రపు గాలిలో చదువుకొన్నవారి శిష్యుల శిష్యులు ఈనాడు ట్యాంక్‌బండ్ గాలిలో చదువుకుంటున్నారు! అయితే ఇప్పుడు రామాయపట్నములో ఓడరేవు పనులు సాగుతున్నాయి. లారీల మధ్య గుడారాలు వేయలేము.

చివరకు బాపట్ల, చీరాల ప్రాంతము మిగిలినది. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చును. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక, చీరాలకు ఏడు కిలోమీటర్లలో వాడరేవు. మధ్యలో వరుసగా మత్స్యకార గ్రామాలు, సరుగుడు తోటలు.

2024 నవంబరులో, కార్తీక పున్నమి స్నానాల రద్దీ తగ్గిన తర్వాత మేము ముగ్గురము చోటు చూడటానికి బయలుదేరాము. మాతో వచ్చినవారు రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొంటున్న సంఘ పెద్ద ఒకరు, స్త్రీల సమాజపు అక్కగారు ఒకరు. సూర్యలంక తీరము విశాలమైనది, పర్యాటక శాఖవారి గదులు కూడా ఉన్నాయి. కుటుంబముగా వెళ్లేవారికి అది చాలు. మాకు కావలసినది వేరు. సెలవు దినాలలో అక్కడికి వచ్చే జనములో నలభై ఇద్దరు పిల్లలను లెక్కపెట్టుకోవడము కష్టము. దగ్గరలో వైమానిక దళపు కేంద్రము ఉన్నందున తీరము వెంట ఎక్కడపడితే అక్కడ దిగడానికి వీలులేదు. అంతకుముందు వేసవిలోనే ఆ ప్రాంతపు తీరాలలో వరుసగా కొందరు మునిగిపోగా, అధికారులు కొద్దికాలము సందర్శకులను రానివ్వలేదు కూడా. అందుచేత ఇంకా ముందుకు సాగాము.

ఆ మధ్యాహ్నము ఒక చిన్న మత్స్యకార గ్రామములో ఆగాము. ఒడ్డున పడవ నీడలో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. పని చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమంది పిల్లలండీ?" అని.

"నలభై ఇద్దరు తాతా" అన్నారు అక్కగారు.

ఆయన వల క్రింద పెట్టి లేచి, మమ్మును వెంటబెట్టుకొని నీటి అంచు నుండి పైకి నడిపించాడు. ఇరవై అడుగులు వేసిన తర్వాత ఇసుక మీద ఒక గీత. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు, ఒక చెప్పు. "ఇది మొన్న పున్నమి పోటుదండి" అన్నాడు. ఇంకా చాలా దూరము నడిచిన తర్వాత, సరుగుడు తోట మొదట్లో, మరొక గీత. ఇది అంత తేటగా లేదు. సగము ఇసుకలో పూడిన వల బెండ్లు, విరిగిన చెక్కముక్కలు, ఒక ప్లాస్టిక్ డబ్బా. "ఇది పోయినేటి తుఫానుది. ఈ రెండు గీతల మజ్జెన గుడారం వెయ్యబాకండి అయ్యగారండీ. దీనికి ఇవతల వేసుకోండి."

ఆయన చెప్పిన తుఫాను మిచౌంగ్. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరనే తీరము దాటినది. వానలు వెనుకబట్టాయి గదా, డిసెంబరులో ఏమి భయమని మనము హైదరాబాదులో కూర్చుండి అనుకుంటాము. ఆ రెండవ గీతను చూచిన తర్వాత శిబిరమును జనవరి నెలాఖరుకు మార్చుకున్నాము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు, మరల మే నెలలో, బంగాళాఖాతములో తుఫానులు పుట్టే కాలము. దసరా సెలవులు, క్రిస్మస్ సెలవులు, వేసవి సెలవులు సరిగా అందులోనే పడతాయి. సంక్రాంతి దాటిన తర్వాత ఫిబ్రవరి వరకు సముద్రము సాధారణముగా నెమ్మదిగా ఉంటుంది, ఎండ బాధ కూడా లేదు. పిల్లలకు ఒకటి రెండు రోజుల బడి పోతుంది. పోనివ్వండి.

పోటు పాటుల సంగతి కూడా ఆయన దగ్గరనే సరిగా తెలిసికొన్నాము. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఈరోజు వచ్చిన వేళకు రేపు రాదు, ఇంచుమించు ముప్పావు గంట, యాభై నిమిషాలు ఆలస్యముగా వస్తుంది. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. కనుక ఒక మధ్యాహ్నము పాటు వేళ వెళ్లి, పొడి ఇసుక చూచి, ఇక్కడ వేద్దామని నిశ్చయించుకోరాదు. ఊదారంగు పూలు పూచే తీగ ఒకటి ఇసుక మీద పాకుతుంది. అది దట్టముగా అల్లుకొన్నచోటికి మామూలు పోటు రాదని ఆయన చూపించాడు.

ఇంతలో మా యౌవనస్థులు వేరొక చోటు కనిపెట్టారు. ఆ ఊరికి రెండు కిలోమీటర్లలో ఒక మురుగు కాలువ సముద్రములో కలిసే మొగ ఉన్నది. ఒక ప్రక్క కాలువ నీరు, ఒక ప్రక్క సముద్రము, నడుమ పాలవంటి ఇసుక దిబ్బ. మనిషి జాడ లేదు. ఎవరో తెలిసినవారు ఫోటో పంపగా అది అడిక్‌మెట్‌లో అందరి ఫోనులకు పాకినది. అద్దె కూడా లేదట. మేము తిరిగి వచ్చేసరికి పిల్లలంతా ఒకే మాట మీద ఉన్నారు. ఆదివారము ఆరాధన తర్వాత జరిగిన కమిటీలో గంటన్నర వాదన నడిచినది. పెద్దలకు ప్రతిదీ భయమేనని ఒకరు, ఆ సరుగుడు తోటలో నుండి సముద్రమే కనబడనప్పుడు అంత దూరము పోవడమెందుకని ఒకరు. రెండవ మాటలో న్యాయము లేకపోలేదు. తోటలో పడుకుంటే సముద్రపు హోరు వినబడుతుంది గాని కెరటము కనబడదు.

కాదని ఆజ్ఞ వేస్తే మాట విందురు గాని, మనస్సు ఒప్పదు. అందుచేత డిసెంబరులో యౌవనస్థుల నాయకులు ఇద్దరిని మేమే ఆ మొగ దగ్గరకు తీసికొని వెళ్లాము. పెద్దాయన కూడా వచ్చాడు. చాలాసేపు ఎవరమూ ఏమీ అనలేదు. అంత అందమైన చోటు అది. వారిలో ఒకడు చివరకు అడిగాడు: "తాతా, ఇంత బాగుంటే మీ వాళ్లెవరూ ఇక్కడ గుడిసె వేసుకోలేదేం?"

"మొగ ఒకచోట ఉండదు బాబూ. పోయినేడు అదిగో, ఆ చెట్టు కాడ ఉండేది. రేపు వానలకి ఏడకి పోద్దో మాకే తెలీదు. నీళ్లు వచ్చినయ్యంటే రెండు పక్కలా వస్తయ్, యెనక్కి పోటానికి దారుండదు."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన తన సంగతి కొద్దిగా చెప్పాడు. 1977లో ఆయనకు పన్నెండేళ్లు. ఆ రాత్రి తాటిచెట్టును కరచుకొని బ్రదికాడు. ఇంట్లో ఆరుగురిలో ఇద్దరు మిగిలారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, మేము అడుగలేదు. మా కుర్రవాళ్లు హైదరాబాదు చేరి తామే ఆ ఫోటోను గురించి మిగిలినవారికి చెప్పుకున్నారు.

సరుగుడు తోట ఎందుకు బాగున్నదో వ్రాస్తాము. సముద్రపు అంచుకు అది సుమారు నాలుగు వందల గజాలు. నడుమ ఇసుక మేటలు అడ్డముగా ఉన్నాయి. వెనుక నుండి గట్టి రోడ్డు ఉన్నది, బస్సు తోట దాకా వస్తుంది. ఆ రోడ్డు మీద పది నిమిషాలు నడిస్తే స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుఫాను షెల్టరు ఉన్నది. 1977 తర్వాత మన తీరమంతటా ఇటువంటివి కట్టారు. మేము దాని తాళము ఎవరి దగ్గర ఉంటుందో అడిగి, ఆ మనిషిని చూచి, లోపలికి వెళ్లి నలభై ఐదుమంది కూర్చుండగలరో లేదో చూచాము. అది చూడకుండా చోటు నిశ్చయము చేయవద్దని మా మనవి. షెల్టరు ఉన్నదంటే చాలదు. కొన్నిచోట్ల అందులో వడ్ల బస్తాలు ఉంటాయి.

స్త్రీల సమాజపు అక్కగారు లేకపోతే మేము పెద్ద విషయము ఒకటి చూడకయే వచ్చేవారము. చోటు నచ్చినదని మేము సంతోషపడుతుంటే ఆమె, "ఆడపిల్లలు పందొమ్మిది మంది. రాత్రి రెండింటికి బయటికి పోవలసి వస్తే ఎక్కడికి పోతారు?" అని అడిగారు. ఆ తోట ప్రక్కనున్న పాఠశాల మరుగుదొడ్లు, స్నానాల గది రాత్రిపూట వాడుకోవడానికి ఊరి పెద్దల ద్వారా అనుమతి అడిగాము. తోట నుండి అక్కడి వరకు దీపాలు కట్టాము. మగవారి కమిటీలు వెదకే స్థలాలలో ఈ లోపము తరచుగా కనబడుతుంది.

మంచినీరు మరొక ప్రశ్న. ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే పైపైన తియ్యటి నీరే ఊరుతుంది, ఎక్కువ తోడితే ఉప్పు వస్తుంది. చేతులు కడుగుకోవడానికి సరే. త్రాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కవేసి, తొమ్మిది క్యాన్లు ప్రతిదినము బాపట్ల నుండి తెప్పించాము. పగటి గాలి సముద్రము వైపు నుండి వస్తుంది గనుక వంటపొయ్యి గుడారాలకు వెనుక, రోడ్డు వైపున పెట్టాము. తోటలో మాత్రము నిప్పు వద్దు. రాలిన సరుగుడు ఆకు కిరోసిను పోసినట్లు అంటుకుంటుంది. గుడారపు మేకులు ఇసుకలో నిలువవు. సంచులలో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పూడిస్తే కదలవు. తాటిచెట్ల క్రింద గుడారము వేయవద్దు, మట్టలు రాలుతాయి.

అనుమతి అడుగకుండా దిగడము సాక్ష్యమునకు మంచిది కాదు, క్షేమమూ కాదు. తోట అటవీశాఖదో, పంచాయతీదో, సొంతదారుదో కనుక్కోవాలి. మెరైన్ పోలీసు స్టేషనులో మా పేర్ల జాబితా, ఫోను నంబర్లు ఇచ్చాము. సముద్రపు హెచ్చరికలు ఎక్కడినుండి వస్తాయో తెలిసికొన్నప్పుడు మాకు నవ్వు వచ్చినది. దేశమునకంతటికి సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రము 2007 నుండి మన హైదరాబాదులోనే, ప్రగతి నగరులోని ఇంకాయిస్ అనే సంస్థలో ఉన్నది. సముద్రము లేని ఊరిలో కూర్చుండి సముద్రమును కనిపెట్టుకొని ఉంటున్నారు. ఎత్తైన కెరటాలు వచ్చే దినాలను గూర్చి కూడా వారే హెచ్చరిస్తారు. తుఫాను సంగతి వాతావరణ శాఖవారు చెప్తారు. ప్రయాణమునకు వారము ముందు నుండి ఈ రెండూ చూచుకున్నాము. అల్పపీడనము అన్న మాట వినబడితే శిబిరము మానివేయాలని ముందే వ్రాతపూర్వకముగా తీర్మానము చేశాము. డబ్బు కట్టిన తర్వాత వాదన రాకూడదు గదా.

ఇక నీటిలో దిగడము. కెరటాలు పెద్దగా విరిగేచోట ప్రమాదమనుకొని, అవి విరగని నిమ్మళమైన పాయలోనికి పిల్లలు వెళ్తారు. నిజానికి ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. దానిలో చిక్కినవాడు ఒడ్డు వైపునకే ఎదురీదితే అలసిపోతాడు. ఒడ్డుకు సమానముగా ప్రక్కకు ఈదితే బయటపడతాడు. ఇది అందరికి చెప్పాము, కాని చెప్పడము మీద ఆధారపడలేదు. ఆ ఊరి యువకులు ఇద్దరికి రోజుకూలి ఇచ్చి, పెద్దాయన చూపిన చోటనే రెండు గడకర్రల నడుమ తాడు కట్టించి, మోకాలు లోతు దాటనివ్వకుండా, పదిమంది చొప్పున దించాము. సాయంకాలము ఐదు తర్వాత ఎవరినీ దింపలేదు.

జనవరి చివరి వారములో మూడు పగళ్లు, రెండు రాత్రులు అక్కడ ఉన్నాము. అమావాస్య దగ్గర పడుతున్న రోజులు. చీకటిలో తోట దాటి మేట మీద కూర్చుండి పాటలు పాడుకొన్నాము. తాబేళ్లు గ్రుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే కాలము గనుక అక్కడ దీపాలు, మంటలు పెట్టలేదు. సముద్రము కనబడని తోట ఎందుకన్న అబ్బాయే మేట దిగి రావడానికి చివరివాడు. రెండవ ఉదయము పిల్లలను మొగ వైపు నడిపించాము. ఫోటోలోని ఇసుక దిబ్బ మీద పోటు నీరు మోకాలి బంటి ఉన్నది. తుఫాను లేదు, గాలి కూడా లేదు. ఎవరమూ వ్యాఖ్యానము చేయలేదు. ఒకరిద్దరు ఫోటో తీసికొన్నారు.

కుమారుని గురించి చెప్పి వెళ్లిన ఆ తల్లికి ప్రతి సాయంకాలము మేమే ఫోను చేశాము.

వెళ్లేరోజున గుంటలు పూడ్చి, చెత్త సంచులలో కట్టి బస్సు మీద వేసుకున్నాము. పెద్దాయన ఎండుచేపల పొట్లము ఒకటి తెచ్చి అక్కగారి చేతిలో పెట్టాడు. తర్వాత బస్సు మెట్ల దగ్గర నిలబడి, ఎక్కుతున్న ఒక్కొక్కరిని చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఏమి చేస్తున్నాడో మాకు మొదట తెలియలేదు. చివరి పిల్ల ఎక్కిన తర్వాత మావైపు తిరిగి, "నలభై రెండండీ" అని చెప్పి, ప్రక్కకు తొలగి దారి ఇచ్చాడు.